జెఱ్ఱి కాళ్ళ లెక్క

మన యూళ్ళలో జెఱ్ఱిని చూడనివారు లేరు. వానకాలము వచ్చినతోడనే అది కట్టెల మోపుల క్రిందను, గోడ నెఱ్ఱెలలోను, తూముల యొద్దను కనబడును. కనబడినతోడనే చెప్పుతోనో కఱ్ఱతోనో దానిని కొట్టుట మన యలవాటు. ఆ తొందరలో దాని కెన్ని కాళ్ళున్నవో లెక్కించినవారు మాత్రము మిక్కిలి కొద్దిమంది. సంస్కృతమున దీనిని శతపది యందురు. ఇంగ్లీషువారు పెట్టిన పేరునకును నూఱు పాదములు కలది యనియే యర్థము. ఆ పేరు నిజమేనా?

నిజము కాదు. పెరిగిన పిమ్మట సరిగా నూఱు కాళ్ళుండు జెఱ్ఱిజాతి యొక్కటియు నెఱుగబడలేదు. నూఱు కాళ్ళనగా 50 జతలు. 50 సరిసంఖ్య. పెరిగిన జెఱ్ఱుల కాళ్ళ జతలను లెక్కింపగా నెల్లప్పుడును బేసిసంఖ్యయే వచ్చును. 49 జతలు కలవి యున్నవి, 51 జతలు కలవి యున్నవి. నడుమనున్న 50 మాత్రము లేదు. ఎప్పుడో యొకప్పుడు అంగలోపముతో పుట్టిన జీవి దొరకవచ్చును గాని, అది నియమమునకు వెలియైనది.

ఇట్లేల జరుగుచున్నది? సరిసంఖ్యలో కాళ్ళున్న నడువరాదా? ఈ ప్రశ్నకు ఉత్తరము పెరిగిన జెఱ్ఱిని చూచిన దొరకదు. అది గ్రుడ్డులో నుండగా దాని శరీరము ఎట్లు కట్టబడుచున్నదో చూడవలెను. ఆ సంగతియే ఈ వ్యాసమునకు విషయము.

జెఱ్ఱి శరీరము

జెఱ్ఱి శరీరమును మీదినుండి చూచిన నొకదాని వెంట నొకటిగా కూర్చిన పలకలు కనబడును. ఈ భాగములకు ఖండములని పేరు. తలపై రెండు మీసములు, నోటిచుట్టు నమలుటకు తగిన యవయవములు ఉండును. తల వెనుకనున్న మొదటి ఖండమునకు రెండు బలమైన కొక్కెములు కలవు. వీనిలో విషపుతిత్తులుండును. ఆ తరువాతి ప్రతి ఖండమునకును ఒక జత కాళ్ళు, అంతకెక్కువ కాదు. రోకలిబండకు అట్లుకాక చాలవఱకు ప్రతి కట్టునకును రెండు జతలుండును. జెఱ్ఱికిని రోకలిబండకును గల ముఖ్యమైన భేదమిదియే.

జెఱ్ఱి కరచినదని కొందఱును, కుట్టినదని కొందఱును అందురు. సరిగా చెప్పవలెనన్న రెండును కావు. అది దవడతో కరవదు. తేలువలె తోకకొండితో కుట్టదు. విషమును దించునట్టి ఆ కొక్కెములు నిజముగా కాళ్ళే. పిండదశలో చూచిన, తక్కిన కాళ్ళు ఏ వరుసలో చిన్న మొటిమలవలె మొలచుచున్నవో, ఈ కొక్కెములును ఆ వరుసలోనే మొదటివిగా మొలచును. పిమ్మట అవి పొట్టివై, లావై, ముందునకు వంగి, విషపు పనికి తగినట్లు మారును. కావున జెఱ్ఱి మనలను తన మొదటి జత కాళ్ళతో గిల్లుచున్నదని చెప్పుట న్యాయము. కాళ్ళ లెక్కలో మాత్రము వీనిని చేర్చరు.

జాతులు, వాని లెక్కలు

ప్రపంచములో ఇంతవఱకు వర్ణింపబడిన జెఱ్ఱిజాతులు మూడువేలకు పైగా కలవు. వీనిని ఐదు కుటుంబవర్గములుగా విభజింతురు.

మొదటిది, పొడవైన సన్నని కాళ్ళతో గోడలపై అతివేగముగా పరుగెత్తు వర్గము. దీనికి 15 జతలు. రెండవది, రాళ్ళక్రింద నివసించు వర్గము. ఇందు సుమారు వేయి జాతులున్నను అన్నిటికిని 15 జతలే. మూడవది టాస్మానియా, న్యూజీలాండు దేశములలో మాత్రమే యుండు చిన్న వర్గము. దానికిని 15 జతలే. నాల్గవది మన దేశమున సాధారణముగా కనబడు పెద్ద జెఱ్ఱుల వర్గము. వీనికి 21 గాని 23 గాని జతలుండును. మన యిండ్ల దగ్గఱ దొరకు స్కోలోపెండ్రా జాతులకు 21 జతలు. ఐదవది, మట్టిలో దూఱి తిరుగు సన్నని దారమువంటి జెఱ్ఱుల వర్గము. వీనికి జాతినిబట్టి 27 జతలు మొదలు 191 జతల వఱకు ఉండును.

15, 21, 23, 27, 191: ఇవన్నియు బేసిసంఖ్యలే. నాల్గవ వర్గమున ఒక వింతయున్నది. 2008వ సంవత్సరమున బ్రెజిల్ దేశమునుండి ఒక జాతి వర్ణింపబడినది. దానికి 39 గాని 43 గాని జతలు. దాని దగ్గఱి చుట్టమైన జాతికి 21 గాని 23 గాని జతలే. 21ని రెట్టించి 3 తీసివేసిన 39 వచ్చును. 23ని రెట్టించి 3 తీసివేసిన 43 వచ్చును. ఒక్క అంగలో సంఖ్య ఇంచుమించు రెట్టింపైనను బేసితనము మాత్రము చెడలేదు.

పెరుగుటలో రెండు విధములు

జెఱ్ఱులు గ్రుడ్డునుండి వెలువడు రీతి రెండు విధములు. మొదటి విధమున పిల్ల కొద్ది కాళ్ళతో పుట్టి, కుబుసము విడిచినప్పుడెల్ల క్రొత్త ఖండములను, క్రొత్త కాళ్ళను సంపాదించును. గోడలపై పరుగెత్తు వర్గములోని స్క్యూటిజెరా పిల్ల 4 జతల కాళ్ళతో బయటికి వచ్చును. తరువాతి దశలలో 5, 7, 9, 11, 13 జతలై తుదకు 15 జతలగును. 5 మొదలుకొని రెండేసి చొప్పున పెరుగుట గమనింపుడు. రాళ్ళక్రింది జెఱ్ఱుల పిల్లలును ఇట్లే సగముకంటె తక్కువ కాళ్ళతోనో, సగమునకు దగ్గఱగానో పుట్టి క్రమముగా 15 జతలకు చేరును. వీని నడిమి దశలలో సరిసంఖ్యయు కనబడును. పెరుగుదల ముగిసినప్పుడు మాత్రము బేసిసంఖ్యయే నిలుచును.

రెండవ విధమున పిల్లకు కావలసిన కాళ్ళన్నియు గ్రుడ్డులోనే ఏర్పడును. మన పెద్ద జెఱ్ఱులును, మట్టిలో తిరుగు సన్నని జెఱ్ఱులును ఈ విధమునకు చెందినవి. 21 జతల జెఱ్ఱి పుట్టుకతోనే 21 జతలు కలది, చచ్చువఱకు అంతే. టాస్మానియా జెఱ్ఱి ఈ రెంటికి నడుమ నిలిచియున్నది. అది 12 జతలతో పుట్టి, మొదటి కుబుసము విడిచినతోడనే 15 జతలు పొందును.

ఈ భేదముతోపాటు తల్లి నడవడిలోను భేదము కలదు. కొద్ది కాళ్ళతో పుట్టు మొదటి రెండు వర్గములలో తల్లి గ్రుడ్లను ఒక్కొక్కటిగా మట్టిలో విడిచి తన దారిని పోవును. రాళ్ళక్రింది జెఱ్ఱి తన గ్రుడ్డునకు మట్టి పూసి శత్రువుల కంటబడకుండ చేయును గాని తరువాత దానిని కాపాడదు. పెద్ద జెఱ్ఱి యట్లు కాదు. అది గ్రుడ్లన్నిటిని ఒక ముద్దగా పెట్టి, వానిచుట్టు చుట్టుకొని, తన కాళ్ళ నడుమ వానిని పొదివి పట్టుకొనును. తఱచుగా వానిని నాకుచు బూజు పట్టకుండ కాపాడును. పిల్లలు వెలువడి, కొన్ని కుబుసములు విడిచి, తమంతట తాము తిరుగగలుగు వఱకు ఆ తల్లి విడిచిపోదు. మట్టిలోని సన్నని జెఱ్ఱులును గ్రుడ్లను కాపాడును. అయితే వీనిలో పెక్కింటికి వీపు లోపలివైపున నుండును. కాపలా కాయుచున్న తల్లిని మిక్కిలి కలతపెట్టిన నది గ్రుడ్లను విడిచిపోవుటయో, తినివేయుటయో కలదు. కావున తోటపనిలో రాయి నెత్తినపుడు చుట్టుకొనియున్న జెఱ్ఱి కనబడిన, రాతిని మెల్లగా మరల నుంచుట మంచిది.

గ్రుడ్డు లోపల

గ్రుడ్డులోని పనిని శ్రద్ధతో పరిశీలించిన పూర్వులలో జర్మనీ దేశస్థుడగు రిచర్డ్ హైమన్స్ ముఖ్యుడు. ఆయన 1901వ సంవత్సరమున పెద్ద జెఱ్ఱుల పిండాభివృద్ధిని గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. మన కాలమున ఎక్కువగా పరిశీలింపబడినది స్ట్రిగేమియా మారిటిమా యను సముద్రతీరపు జెఱ్ఱి. ఇది వాయవ్య ఐరోపా తీరములందు గులకరాళ్ళ క్రింద నివసించును. దీనికి కన్నులు లేవు. 2014వ సంవత్సరమున దీని జన్యుసంపద యంతయు చదువబడగా, వెలుగును గ్రహించుటకు తక్కిన కీటకాదులలో ఉండు జన్యువులు ఇందు కానరాలేదు. వేసవి మొదట స్కాట్లండు తీరమున దీని గ్రుడ్లు ఎక్కువగా దొరకుటచేత, శాస్త్రజ్ఞులు వానిని సేకరించి వరుసగా అన్ని దశలను చూడగలిగిరి.

ఆ గ్రుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు వ్యాసము కలది. లోపల నిండుగా పచ్చసొన యుండును. మొదట ఒక్కటిగానున్న కేంద్రకము రెండుగను, నాలుగుగను, ఎనిమిదిగను విభజింపబడును. ఈ కేంద్రకములు సొననుండి మెల్లగా గ్రుడ్డు ఉపరితలమునకు చేరును. అచ్చట పలుచని కణముల పొర యేర్పడును. పిమ్మట ఆ కణములలో పెక్కు ఒక ప్రక్కకు చేరి గుండ్రని బిళ్ళవలె దట్టమగును. ఈ బిళ్ళయే భావి జెఱ్ఱి. తక్కిన సొన దానికి ఆహారము.

ఆ బిళ్ళనుండి ముందుగా తలకు సంబంధించిన ఖండములు గుర్తింపదగియుండును. తరువాత విషనఖముల ఖండము, దాని వెనుక కాళ్ళ ఖండములు వరుసగా ఏర్పడును. క్రొత్త ఖండములన్నియు వెనుకవైపుననే చేరును. ముందున్నది పెద్దది, వెనుకనున్నది చిన్నది. ఇట్లు పిండము పట్టీవలె పొడవై సొనచుట్టు ప్రాకును. గ్రుడ్డులో చోటు చాలక, తుదకు దాని నడుము లోపలికి మడతపడి సొనలోనికి దిగును. అప్పుడు ముందుసగము, వెనుకసగము ఎదురెదురుగా నుండును. మనము చాపను రెండుగా మడచి పెట్టెలో నుంచినట్లే యని యూహింపుడు.

రెండేసి చొప్పున

ఈఁగల పిండములో ఖండములు దాదాపు ఒకేసారి గుర్తింపబడును. 1980వ సంవత్సరమున క్రిస్టియానె న్యూస్‌లైన్ ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ అను శాస్త్రజ్ఞులు పండ్లయీఁగలో ఈ పనికి కారణమైన జన్యువులను వెలువరించిరి. ఎడ్వర్డ్ లూయిస్‌తోపాటు వారికి 1995లో నోబెల్ బహుమానము లభించెను. కోడిపిల్ల పిండములో నట్లుకాక వెన్నెముక తునకలకు మూలమైన దిమ్మలు సుమారు 90 నిమిషములకు ఒక జత చొప్పున, గడియారము కొట్టినట్లు, ఒకదాని తరువాత నొకటి ఏర్పడును. జెఱ్ఱి పద్ధతి ఈ రెండవదానిని పోలియున్నది.

2004వ సంవత్సరమున ఏరియల్ చిప్‌మన్, వాలెస్ ఆర్థర్, మైకేల్ ఏకమ్ అనువారు సముద్రతీరపు జెఱ్ఱి పిండములో ఒక ముఖ్యమైన విషయమును కనుగొనిరి. పిండము వెనుక కొనయందు కొన్ని జన్యువులు ఒకసారి మేల్కొనును, ఒకసారి ఉడుగును. నీటిలో రాయి వేసిన అలలు వలయములుగా వ్యాపించునట్లు, మేల్కొనిన కణములు ఆ కొనచుట్టు వలయములుగా కనబడును. ఆ వలయములు ముందునకు సాగి, క్రమముగా చారలై నిలిచిపోవును. అయితే మొదట ఏర్పడు ప్రతి చారయు ఒక ఖండమునకు గుర్తు కాదు. రెండు ఖండముల వెడల్పునకు గుర్తు. పిమ్మట ప్రతి రెండు చారల నడుమను మఱియొక చార మొలచును. అప్పుడు ఖండమునకొక చార సరిపోవును.

వడ్రంగి నిచ్చెన చేయునపుడు మొదట ఎడముగా కొన్ని మెట్లు బిగించి, ఆ తరువాత ప్రతి రెండు మెట్ల నడుమ నొక మెట్టును చేర్చినట్లు ఇది యున్నది. పని ముగిసిన పిమ్మట చూచువానికి మెట్లన్నియు ఒకేరీతి. అవి రెండు విడతలుగా పడినవని తెలియదు.

ఇప్పుడు మన ప్రశ్నను మరల తీసికొందము. ఒక బేసిసంఖ్యతో మొదలిడి రెండేసి కూడుచు పోయిన ఎన్నడైనను సరిసంఖ్య వచ్చునా? రాదు. 1, 3, 5, 7 అని పోవునే గాని 2, 4, 6 తగులవు. కావున ఖండములు జంటలుగా ఏర్పడుటయే బేసిసంఖ్యకు మూలమని తలచుట సహజము. స్క్యూటిజెరా పిల్ల 5, 7, 9 అని పెరుగుటయు దీనికి తోడ్పడుచున్నది.

అయినను శాస్త్రము తొందరపడి తీర్పు చెప్పదు. 2013వ సంవత్సరమున కార్లో బ్రేనా, ఏకమ్ ఇదే పిండమును మఱింత సూక్ష్మముగా పరిశీలించిరి. సుమారు 40 ఖండముల వఱకు పని వేగముగా జంటలుగా సాగుననియు, తరువాతి కొలది ఖండములు నెమ్మదిగా ఒక్కొక్కటిగా చేరుననియు వారు చూపిరి. ఒక్కొక్కటిగా చేరునపుడు సరిసంఖ్య యొద్ద ఏల నిలిచిపోరాదు? అట్లు నిలువకుండ కాచునది యేదో యింకొకటి యుండవలెను. ఈ చిక్కుముడి పూర్తిగా వీడలేదు. నేడు మీ తరగతులలో కూర్చున్నవారిలో నొకరు దీనిని విప్పవచ్చును.

లేనిదానిని ఎన్నుకొనుట

జెఱ్ఱి కాళ్ళు సరియైననేమి, బేసియైననేమి, దీనివలన మనకేమి లాభమని అడుగువారుందురు. విషయము చిన్నదే, దానివలన తెలియు సంగతి పెద్దది.

1859వ సంవత్సరమున డార్విన్ ప్రకటించిన గ్రంథమున జీవులలోని చిన్న చిన్న భేదములలో అనుకూలమైనవి నిలుచుననియు, ప్రతికూలమైనవి నశించుననియు వివరింపబడినది. దీనిని ప్రకృతివరణ మందురు. ఇది సత్యమే. అయితే అంగడిలో లేని సరకును ఎంత ధనవంతుడైనను కొనజాలడు. 50 జతల జెఱ్ఱి 49 జతలదానికంటె మేలైనదే యనుకొందము. అట్టిది పుట్టనే పుట్టనిచో ప్రకృతి దానిని ఎన్నుకొనుటెట్లు? ఏది నిలుచునో నిర్ణయించునది బయటి పరిస్థితి. ఏవేవి ఎన్నికకు వచ్చునో నిర్ణయించునది గ్రుడ్డులోని నిర్మాణక్రమము. ఈ రెండును తెలిసినగాని జీవుల రూపములు బోధపడవు. వాలెస్ ఆర్థర్ మున్నగువారు ఈ విషయమును చెప్పుటకు జెఱ్ఱినే నిదర్శనముగా తీసికొనిరి.

మన మెడను చూచుకొనిన ఇట్టి నిదర్శనమే దొరకును. మనుష్యుని మెడలో 7 ఎముకలు. ఎలుక మెడలోను 7. అంత పొడవైన జిరాఫీ మెడలోను 7 మాత్రమే. పాలిచ్చు జంతువులలో ఈ నియమమును మీఱినవి చెట్లపై వ్రేలాడు స్లాతు, నీటిలో నివసించు మనాటీ వంటి యొకటి రెండు మాత్రమే.

వెచ్చదనము చేయు మార్పు

బేసితనము చెదరకున్నను, సంఖ్య మాత్రము రాతిపై చెక్కినట్టిది కాదు. సముద్రతీరపు జెఱ్ఱికి ఇంచుమించు 45 నుండి 53 వఱకు జతలుండును. ఆడదానికి మగదానికంటె సాధారణముగా రెండు జతలు ఎక్కువ. బ్రిటను దీవిలో దక్షిణమునకు పోయినకొలది జతలు ఎక్కువగుననియు, ఉత్తరమున తక్కువగుననియు లెక్కించి చూచినారు. 2008వ సంవత్సరమున ప్రకటింపబడిన ప్రయోగమున, గ్రుడ్లను భిన్నమైన ఉష్ణోగ్రతలలో పెంపగా వెచ్చని చోట పెరిగినవానికి సగటున ఎక్కువ ఖండములు ఏర్పడినవి. అనగా తల్లిదండ్రులనుండి వచ్చినదే సర్వమును కాదు. గ్రుడ్డు పెరిగిన చోటి వెచ్చదనమునకును అందు పాలు కలదు. అయినను వెచ్చదనము 47ను 49 చేయగలదు గాని 48 చేయలేదు.

మీరు చూడదగినవి

ప్రాణముతో నున్న జెఱ్ఱిని ఎవరును చేతితో తాకరాదు. గిల్లినచో మిక్కిలి నొప్పియు వాపును కలుగును. అట్లు జరిగిన చోటును సబ్బునీటితో కడిగి వైద్యునికి చూపవలెను. చిన్నపిల్లల విషయమున తల్లిదండ్రులు మఱింత జాగ్రత్తగా నుండవలెను. మీ పరిశీలనకు చచ్చిపడియున్న జెఱ్ఱి చాలును. దానిని చిమటాతో పట్టి తెల్లని పళ్ళెములో నుంచి, భూతద్దముతో చూడుడు.

మొదట కాళ్ళ జతలను లెక్కింపుడు. పెద్ద జెఱ్ఱి యైన 21 రావలెను. చివరి జత నడచుటకు కాక వెనుకకు చాచియుండును, దానిని మఱచిపోవలదు. 20 వచ్చినదన్న మరల లెక్కింపుడు.

రెండవది, ప్రక్కలనున్న శ్వాసరంధ్రములను చూడుడు. స్కోలోపెండ్రాలో అవి ప్రతి ఖండమునను ఉండవు. 3, 5, 8, 10, 12, 14, 16, 18, 20 ఖండములలో మాత్రమే యుండును. ఒకటి విడిచి యొకటిగా వచ్చుచు, 5కు తరువాత మాత్రము రెండు ఖండములు విడిచి 8కి దూకుట గమనింపుడు. గ్రుడ్డులోని జంటల పనిని తలపించు క్రమము పెరిగిన శరీరముపైనను కనబడుచున్నది.

మూడవది, ఒక కాలు తక్కిన కాళ్ళకంటె పొట్టిగా నున్నదేమో చూడుడు. జెఱ్ఱికి ఒక కాలు విఱిగిన నేమి యను సామెత మన పెద్దలకు తెలిసినదే. నష్టము లేదనుటయే కాదు. జెఱ్ఱులలో పెక్కింటికి పోయిన కాలు తరువాతి కుబుసములతో మరల మొలచును. పొట్టికాలు అట్లు మొలచుచున్నదై యుండవచ్చును.

చూచినదానిని తేదీతోను, దొరకిన చోటితోను నోటు పుస్తకమున వ్రాయుడు. బొమ్మ గీయుడు. పేరును నమ్మి నూఱు కాళ్ళని వల్లించిన విద్యార్థికంటె, పళ్ళెము ముందు కూర్చుండి రెండుసార్లు లెక్కించి 21 అని వ్రాసిన విద్యార్థికి జెఱ్ఱిని గూర్చి ఎక్కువ తెలియును.